డ్యూటీ గంటలు వేరు, బుర్ర మీది బరువు వేరు: పైలట్ల పనిభారాన్ని ఎలా తూస్తారు?

2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా విమానాలు కుప్పలుగా రద్దయినప్పుడు బెజవాడలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే చర్చ. పైలట్లకు విశ్రాంతి పెంచుతూ కొత్త నిబంధనలు వచ్చాయట, సరిపడా పైలట్లు లేరట, అందుకే విమానాలు లేవట. ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లు ఎక్కువగా ఆగే ఒక హోటల్లో విన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మేం రాత్రనకా పగలనకా తోలతన్నాం. ఆయన కూర్చునేది ఏసీలో. మీట నొక్కితే విమానం దానంతటదే పోద్దంట. ఇంకా రెస్టెందుకు?"

ఆ డ్రైవర్ అడిగింది తప్పు ప్రశ్న కాదు. గంటలే లెక్కయితే ఆయన పని గంటలు చాలామంది పైలట్ల కంటే ఎక్కువే. అయితే ఆ ఒక్క ప్రశ్నలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయడానికి ఒక శాస్త్రం గత 80 ఏళ్లుగా తంటాలు పడుతోంది. దాని పేరు హ్యూమన్ ఫ్యాక్టర్స్. మనిషి చేతికి ఇచ్చే యంత్రం, అతని మీద పెట్టే పని, అతని కంటికీ బుర్రకూ చేతికీ సరిపోయేలా ఉన్నాయా లేదా అని పరీక్షించే శాస్త్రం అది.

డ్యూటీ, అలసట, పనిభారం: మూడూ ఒకటి కావు

డ్యూటీ అంటే గడియారం చెప్పే సంగతి. ఎన్నింటికి ఎక్కాడు, ఎన్నింటికి దిగాడు. దీన్ని కొలవడానికి రిజిస్టరు చాలు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ తెచ్చిన కొత్త నిబంధనలు పట్టుకున్నది ముఖ్యంగా దీన్నే. వారానికి 36 గంటలుండే విశ్రాంతిని 48 గంటలకు పెంచారు. రాత్రి వేళ అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు అన్నారు. ఆ వేళలో చేసే ల్యాండింగులను రెండుకు పరిమితం చేశారు.

అలసట శరీరం చెప్పే సంగతి. నిద్ర చాలకపోవడం, నిద్రపోవాల్సిన వేళ మేలుకోవడం, రోజుల తరబడి పేరుకున్న బడలిక దీని కిందికి వస్తాయి. ఎనిమిది గంటలు నిద్రపోయి వచ్చినవాడికీ, పక్కింట్లో పెళ్లి మైకు మోగి నాలుగు గంటలే కునుకు తీసినవాడికీ డ్యూటీ ఒకటే అయినా అలసట ఒకటి కాదు.

మూడోది మానసిక పనిభారం. ఈ క్షణాన పని ఎంత శ్రద్ధ అడుగుతోంది, మనిషి దగ్గర ఇవ్వడానికి ఎంత శ్రద్ధ మిగిలి ఉంది అన్న ఈ రెంటి మధ్య ఉండే సంబంధమే పనిభారం. ఇది పనిలో ఉండదు, మనిషిలోనూ ఉండదు, రెండూ కలిసే చోట ఉంటుంది. అందుకే ఒకే పని ఒకరికి నల్లేరు మీద నడక, ఇంకొకరికి తలకు మించిన బరువు. ఒకే మనిషికి కూడా పొద్దున తేలిగ్గా సాగిన పని సాయంత్రానికి కొండెక్కినట్టు ఉండొచ్చు.

మొదటి రెండూ కొంతవరకు అందరికీ అర్థమయ్యేవే. చిక్కంతా మూడోదానితోనే.

మిర్చి యార్డులో నేను చూసిన పనిభారం

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో కాటా గుమాస్తాగా చాలా ఏళ్లు చేశాడు. సెలవులకు వెళ్లినప్పుడు ఆయన పక్కన బస్తా మీద కూర్చునేవాణ్ణి. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా ఘాటు ఆగేది కాదు. హమాలీలు టిక్కీని, అంటే మిర్చి బస్తాను, కాటా మీదికి విసిరేవాళ్లు, ఒకాయన బరువు పైకి చదివేవాడు, బాబాయి పుస్తకంలో ఎక్కించేవాడు. "నలభై రెండున్నర... నలభై ఒకటి... నలభై మూడు ముప్పావు..." ఆగకుండా సాగేది.

ఆ వయసులో నాకు ప్రతిదీ అడగాలనిపించేది. "బాబాయ్, ఇది తేజానా, 341 రకమా?" సరుకు పల్చగా వచ్చే రోజున జవాబు వెంటనే వచ్చేది. తొడిమ తీసి చూపించి మరీ చెప్పేవాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు కిటకిటలాడేటప్పుడు అదే ప్రశ్నకు జవాబు మూడు టిక్కీల తర్వాత వచ్చేది. కొన్నిసార్లు అసలు వచ్చేది కాదు. ఎడమ చెయ్యి పైకి లేచేది, అంతే. ఒకసారి మాత్రం, "ఉండరా అబ్బాయ్, లెక్క తప్పుద్ది" అన్నాడు.

ఏళ్ల తర్వాత ఈ శాస్త్రం గురించి చదువుతున్నప్పుడు నాకు తట్టింది, నేను తెలియకుండానే ఒక ప్రయోగం చేశానని. పుస్తకంలో ఆయన అంకెలు రెండు రోజుల్లోనూ తప్పు లేకుండా ఉన్నాయి. పుస్తకం మాత్రమే చూస్తే రెండు రోజుల పనీ ఒకటే. తేడా తెలిసింది నా ప్రశ్నకు జవాబు ఆలస్యమైనప్పుడే. బుర్రలో మిగిలిన ఖాళీ ఎంతో ఆ ఆలస్యం చెప్పింది. పరిశోధకులు దీన్ని రెండో పని పద్ధతి అంటారు. పైలట్ విమానం నడుపుతుంటే పక్కన ఒక చిన్న దీపం వెలిగిస్తారు, వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. విమానం చక్కగానే పోతుంటుంది. బటన్ నొక్కడం ఆలస్యమవుతున్న కొద్దీ అతను ఎంత నిండిపోయాడో బయటపడుతుంది.

మంచి పనివాడు తప్పు చేసేదాకా తన భారం బయటికి కనబడనివ్వడు. కొలవడం కష్టమయ్యేది ఇందుకే.

'పైలట్ తప్పిదం' అనే మాటకు అవతల

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా రన్‌వే మీద పొట్ట ఆనించి కూలబడుతుండేవి. దిగిన తర్వాత పైలట్ ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వాలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాడు. పైలట్ తప్పిదం అని రాసి ఫైలు మూసేసేవారు. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి ఎక్కి చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీట చివర రెక్క ఆకారపు ముక్క బిగిస్తే చెయ్యి తడిమినా తేడా తెలుస్తుందన్నాడు. ఇవాళ గన్నవరంలో దిగే విమానాల్లో కూడా చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇదే బాటలో ఇంకో అడుగు వేశారు. పైలట్ తప్పిదాలుగా లెక్కకెక్కిన 460 అనుభవాలను పోగుచేసి చూస్తే అవే రకం పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. మనుషులు మారుతున్నా తప్పు మారడం లేదంటే దాని వేరు మనిషి బయట కూడా ఉందని అర్థం. నా దృష్టిలో ఈ శాస్త్రం మనకిచ్చిన అతి విలువైన సంగతి ఇదే. మన దగ్గర బస్సు బోల్తా పడినా, రైలు సిగ్నల్ దాటినా మర్నాటి పత్రికలో "డ్రైవర్ నిర్లక్ష్యమే కారణం" అని చదివి పేజీ తిప్పేస్తాం. అది జరిగినదాని పేరు మాత్రమే. ఎందుకు జరిగిందో అందులో ఉండదు.

అయితే మీటలు సరిచేసినంత మాత్రాన కథ అయిపోలేదు. 1972 డిసెంబరు 29న మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. ముందు చక్రం దిగిందని చూపించాల్సిన ఒక చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరి ధ్యాసా ఆ బల్బు మీదికే పోయింది. ఈలోగా ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్ అమరిక తెలియకుండా విడిపోయింది, విమానం మెల్లగా కిందికి జారింది. మీటర్లన్నీ నిజమే చెబుతున్నాయి. చూడడానికి ఎవరి దగ్గరా కాస్త శ్రద్ధ మిగల్లేదు.

హార్మోనియం తిత్తుల నుంచి సిమ్యులేటర్ దాకా

ఇలాంటి క్షణాలను గాల్లో పరీక్షించలేం. ప్రాణాలతో పని. అందుకే నేల మీదే విమానం నడుపుతున్నట్టు అనిపించే యంత్రం, సిమ్యులేటర్, ఈ శాస్త్రానికి ప్రయోగశాల అయింది.

దాని పుట్టుక నాకు భలే నచ్చుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గన్లు, వాటంతటవే వాయించే పియానోలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. తెనాలి పద్యనాటకాల్లో హార్మోనియం తిత్తి ఊదుతుంటే చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. అలాంటి గాలి తిత్తులనే చిన్న పెట్టె కింద అమర్చి, పైలట్ కర్ర కదిపినప్పుడల్లా పెట్టె వంగేలా, లేచేలా 1929లో లింక్ ఒక యంత్రం చేశాడు. మొదట్లో దాన్ని జాతర బొమ్మలాగే చూశారు. 1934లో అమెరికా సైన్యం టపా విమానాల బాధ్యత తీసుకుని, చలికాలపు చెడ్డ వాతావరణంలో కొద్ది వారాల్లోనే పైలట్లను పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఆ పెట్టె విలువ తెలిసొచ్చింది. ఇప్పటి సిమ్యులేటర్ ఆరు కాళ్ల మీద నిలబడిన గది. లోపల నిజమైన కాక్‌పిట్టే. మన విమానయాన సంస్థల పైలట్లు ఆరు నెలలకోసారి అందులో పరీక్షకు కూర్చోవాల్సిందే.

పరిశోధకుడికి సిమ్యులేటర్ ఇచ్చే వరం ఒకటుంది. ఒకే పొగమంచును, ఒకే ఇంజిన్ లోపాన్ని, ఒకే నిమిషాన ఎంతమందికైనా ఇవ్వొచ్చు. 1979లో నాసా ప్రచురించిన రఫెల్ స్మిత్ అధ్యయనం అలాంటిదే. నిజంగా బోయింగ్ 747 నడిపే సిబ్బందిని పిలిచి, పూర్తి ప్రయాణాన్ని సిమ్యులేటర్‌లో నడిపించి, దారిలో ఇబ్బందులు పెట్టారు. కర్ర పట్టే నైపుణ్యంలో ఎవరూ తీసిపోలేదు. తప్పుల్లో తేడా ఎక్కువగా పనిని ఎలా పంచుకున్నారన్న దగ్గరే వచ్చింది. ఒక సిబ్బందిలో, ఎంత ఇంధనం పారబోయాలో లెక్క కడుతున్న ఇంజినీరును మిగతావాళ్లు పదే పదే పిలుస్తూ పోయారు. ఆయన లెక్క తప్పింది. చదువుతుంటే బాబాయి ఎడమ చెయ్యే కళ్ల ముందుకొచ్చింది.

ముగ్గురా, ఇద్దరా: శాండ్రా హార్ట్ ముందుకొచ్చిన ప్రశ్న

అప్పట్లో పెద్ద విమానాల్లో ముగ్గురుండేవారు. కెప్టెన్, కో పైలట్, మీటర్లు చూసుకునే ఫ్లయిట్ ఇంజినీరు. కంప్యూటర్లు వచ్చాక మూడో మనిషి అక్కర్లేదని విమానాలు తయారుచేసేవాళ్లు అన్నారు. ఇద్దరి మీద భారం పెరుగుతుందని పైలట్ల సంఘాలు అడ్డం తిరిగాయి. గొడవ అమెరికా అధ్యక్షుడి దాకా పోయి ఒక కమిటీ వేశారు. ఆ విమానాలకు ఇద్దరు చాలని ఆ కమిటీ 1981లో తేల్చింది. ఇవాళ మనం ఎక్కే ఎయిర్‌బస్ ఏ320లోనూ, చిన్న ఏటీఆర్‌లోనూ ఇద్దరే ఉండడానికి దారి అక్కడ పడింది.

కానీ రెండు పక్షాలూ 'భారం' అనే మాట వాడాయే గానీ దాన్ని తూచే కాటా ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసే శాండ్రా హార్ట్ దాన్ని తయారుచేసే పనికి పూనుకున్నారు. ఆమె దారి ఇప్పుడు మామూలుగా కనిపిస్తుంది గానీ అప్పట్లో దానికి ధైర్యం కావాలి. గుండె వేగం, కంటి రెప్పలు, మెదడు తరంగాలు కొలవడానికి యంత్రాలు ఉండగా, ఆమె పైలట్‌నే అడగాలనుకున్నారు.

అడగడంలో చిక్కు ఏమిటంటే, "ఎంత కష్టంగా ఉంది?" అంటే ఒక్కొక్కరు ఒక్కొక్కదాన్ని కష్టం అంటారు. ఒకరికి సమయం చాలకపోవడం కష్టం, ఇంకొకరికి తాను బాగా చేయలేకపోయానన్న బాధ కష్టం. ఏళ్ల తరబడి 16 ప్రయోగాల్లో 10 అంశాల మీద జవాబులు సేకరించారు. వాటిలో తేలికపాటి ప్రయోగశాల పనుల నుంచి విమాన సిమ్యులేటర్ దాకా ఉన్నాయి. చివరికి ఆ పదిని వడగట్టి ఆరుగా చేశారు. 1988లో లోవెల్ స్టేవ్‌లాండ్‌తో కలిసి ప్రచురించిన ఆ కొలతే నాసా టాస్క్ లోడ్ ఇండెక్స్. అందరూ టీఎల్‌ఎక్స్ అంటారు. హెలికాప్టర్ పైలట్ల పనిమీద కూడా ఆమె పరిశోధించారు, రాశారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తూ ఈ కొలతకు సంబంధించిన 550 అధ్యయనాలను ఆమే సమీక్షించారు. అప్పటికి అది విమానాలనూ, ఇంగ్లిషు భాషనూ దాటి చాలా దూరం వెళ్లిపోయింది.

గన్నవరం పొగమంచులో ఒక లెక్క

ఆ ఆరు అంశాలు ఇవి: బుర్రకు ఎంత పని పడింది, ఒంటికి ఎంత పని పడింది, సమయం ఎంత తరిమింది, అనుకున్నది ఎంతవరకు చేయగలిగాడు, ఎంత కష్టపడాల్సి వచ్చింది, ఎంత చికాకు కలిగింది. ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు గీత మీద గుర్తు పెట్టాలి. 'ఎంతవరకు చేయగలిగాడు' అన్నదాంట్లో మాత్రం 0 అంటే పూర్తిగా సాధించాడని, 100 అంటే విఫలమయ్యాడని. ఇది తికమకగా ఉండడం వల్ల కొత్తవాళ్లు తరచూ తిరగేసి నింపుతారు.

ఆ తర్వాత ఆరింటినీ జతలు జతలుగా చూపించి, "ఈ పనిలో భారానికి ఈ రెండిట్లో ఏది ఎక్కువ కారణం?" అని అడుగుతారు. ఆరింటితో 15 జతలు వస్తాయి. ఒక అంశాన్ని ఎన్నిసార్లు ఎంచుకున్నాడో అదే దాని తూకపు రాయి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నేను కల్పించుకున్నవే. సిమ్యులేటర్‌లో జనవరి తెల్లవారుజామున పొగమంచు కమ్మిన గన్నవరం. రన్‌వే సరిగ్గా కనబడదు, దిగాలా హైదరాబాద్ తిరిగిపోవాలా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి. పైలట్ పెట్టిన గుర్తులు: బుర్ర 85, ఒళ్లు 30, సమయం 75, ఫలితం 25, కష్టం 80, చికాకు 55. తూకపు రాళ్లు: బుర్రకు 5, సమయానికి 4, కష్టానికి 3, ఫలితానికి 2, చికాకుకు 1, ఒంటికి 0.

85ని 5తో గుణిస్తే 425. 75ని 4తో 300. 80ని 3తో 240. 25ని 2తో 50. చికాకు 55. మొత్తం 1070. దాన్ని 15తో భాగిస్తే సుమారు 71. అదే పైలట్, అదే రన్‌వే, ఎండ కాసే ఉదయం అయితే గుర్తులు 40, 25, 35, 15, 40, 10 అనుకోండి. అవే రాళ్లతో తూస్తే 500, భాగిస్తే సుమారు 33. రెండు ల్యాండింగులూ రిజిస్టరులో ఒక్కో ల్యాండింగ్‌గానే నమోదవుతాయి. పట్టిన నిమిషాలు కూడా ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు విమానం పక్కన పెట్టి ఒక సచివాలయానికి వెళ్దాం. పింఛన్ల కోసం వరుస కట్టిన జనం, సర్వర్ డౌన్, అదే స్క్రీను మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అక్కడి ఉద్యోగి గుర్తులు: బుర్ర 30, ఒళ్లు 10, సమయం 60, ఫలితం 60, కష్టం 50, చికాకు 95. రాళ్లు: చికాకుకు 5, సమయానికి 4, ఫలితానికి 3, కష్టానికి 2, బుర్రకు 1, ఒంటికి 0. వరసగా 475, 240, 180, 100, 30. మొత్తం 1025, భాగిస్తే సుమారు 68.

పొగమంచులో పైలట్‌కి 71, సర్వర్ ముందు ఉద్యోగికి 68. దాదాపు ఒకే బరువు. కానీ లోపల సరుకు వేరు. పైలట్‌కు కావాల్సింది నిర్ణయానికి మరికాస్త ముందుగా అందే సమాచారం, పక్కన పని పంచుకునే మనిషి. ఉద్యోగికి కావాల్సింది పనిచేసే సర్వర్. విశ్రాంతి గంటలు పెంచితే ఆయన చికాకు తీరదు. ఒకే అంకె ఇచ్చి వదిలేయకుండా ఆ బరువు ఎక్కడిదో కూడా చూపించడంలోనే హార్ట్ కొలత గొప్పతనం ఉందని నా నమ్మకం.

ఈ కాటాను నమ్మొచ్చా?

అభ్యంతరాలు బలమైనవే. మొదటిది, పని అయ్యాక అడుగుతాం కాబట్టి మనిషి చివరి నిమిషాలనే గుర్తుపెట్టుకుని మార్కు వేసే ప్రమాదం ఉంది. విమానం సాఫీగా దిగితే మధ్యలో పడ్డ యాతన మరుగున పడుతుంది. రెండోది, తూకపు రాళ్ల తతంగం నిజంగా అవసరమా అన్నది. చాలామంది పరిశోధకులు జతల మెట్టు వదిలేసి ఆరు అంకెల సగటు మాత్రమే తీస్తున్నారు. మన పొగమంచు పైలట్‌కి అలా తీస్తే 350ని 6తో భాగించి 58 వస్తుంది. అధ్యయనాల్లో రెండు పద్ధతులూ చాలావరకు ఒకే వైపు మొగ్గుతాయి కాబట్టి సులువైనదే మేలంటారు వాళ్లు. కానీ చూడండి, ఆ సగటులోకి ఈ పనితో పెద్దగా సంబంధం లేని 'ఒళ్లు 30' కూడా సమాన వాటాతో వచ్చి చేరింది. నాకు ఈ విషయంలో పాత పద్ధతే సబబనిపిస్తుంది, కనీసం ప్రాణాలతో ముడిపడిన పనుల్లో.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఎర్ర గీత ఎక్కడ గీయాలన్నది. 71 ప్రమాదమా? 85 అయితేనా? ఆ అంకెకు ఒంటరిగా అర్థం లేదు. రెండు కాక్‌పిట్లను, రెండు పద్ధతులను పోల్చి ఏది బరువో చెప్పగలం గానీ, ఇంతకు మించితే మనిషి కూలబడతాడని అందరికీ వర్తించే గీత ఏదీ లేదు.

అందుకే శరీరాన్నే అడగాలనేవాళ్లున్నారు. 1966లో డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ ఒక సంగతి చూపించారు. అంకెలు గుర్తుపెట్టుకుంటున్నకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది, అప్పజెప్పేస్తుంటే మళ్లీ చిన్నదవుతుంది. గుండె కొట్టుకునే తీరు, మెదడు తరంగాలు కూడా ఏదో ఒకటి చెబుతాయి. వీటిలో అబద్ధానికీ మరుపుకూ చోటు తక్కువ. కానీ కంటిపాప వెలుతురుకూ మారుతుంది, గుండె భయానికీ పరుగెడుతుంది. బుర్ర బరువును వాటి నుంచి విడదీయడం తేలిక కాదు. జాగ్రత్తగల పరిశోధకులు మూడిటినీ కలిపి చూస్తారు: మనిషి మాట, రెండో పనిలో జాప్యం, శరీరపు గుర్తులు. మూడూ ఒకదానితో ఒకటి పొసగని సందర్భాలూ ఉంటాయి. సిమ్యులేటర్‌కు సిమ్యులేటర్‌గా ఒక హద్దుంది. ఆరు కాళ్లు ఎంత ఊగినా, తలుపు తీస్తే నేల మీదే ఉన్నామని లోపలి మనిషికి తెలుసు.

పని లేకపోవడం కూడా బరువే

ఆటోనగర్ డ్రైవర్ అన్న "మీట నొక్కితే అదే పోద్ది" దగ్గరికి ఇప్పుడు వద్దాం. మాట చాలావరకు నిజమే. ఎత్తుకెళ్లాక విమానాన్ని ఎక్కువసేపు ఆటోపైలటే నడుపుతుంది. అప్పుడు పైలట్ పని కాపలా.

కాపలా తేలికన్నది మన భ్రమ. యుద్ధకాలంలో బ్రిటిష్ రాడార్ ఆపరేటర్లు సూచనలు ఎందుకు చూడకుండా వదిలేస్తున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. ముల్లు ఒక్కో గంతు వేస్తూ పోతుంది, ఎప్పుడో ఒకసారి రెండు గంతులు వేస్తుంది. అది కనిపెట్టాలి. 1948లో ప్రచురించిన ఫలితం ప్రకారం మొదటి అరగంటలోనే మనుషుల పట్టు సడలిపోయింది. వాళ్లు బద్ధకస్తులు కారు. ఏమీ జరగని చోట కన్నార్పకుండా చూడడానికి మనిషి బుర్ర సరిపోదు. మన రైళ్ల ఇంజన్లలో ఉండే అప్రమత్తత పరికరం కూడా ఈ ఎరుకతో పెట్టిందే. లోకో పైలట్ సుమారు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే హెచ్చరిస్తుంది, అప్పటికీ కదపకపోతే బ్రేకు వేసేస్తుంది. విజయవాడ జంక్షన్ మీదుగా రాత్రిపూట పోయే ప్రతి బండి ముందు కూర్చున్న మనిషికి ఇది తెలిసిన సంగతే.

అసలు గండం తేలిక భారం ఉన్నట్టుండి మోయలేని భారంగా మారినప్పుడు వస్తుంది. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు గడ్డకట్టింది. ఆటోపైలట్ తప్పుకుంది. కెప్టెన్ అప్పుడే విశ్రాంతికి వెళ్లాడు. నిశ్శబ్దంగా ఉన్న కాక్‌పిట్‌లో ఒక్కసారిగా హెచ్చరికలు మోగాయి. ఉన్న ఇద్దరికీ ఏది నిజమో తెలుసుకునే వ్యవధి దొరకలేదు. నాలుగున్నర నిమిషాల లోపే విమానం సముద్రంలో పడింది. 228 మంది పోయారు.

1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని ముందే పట్టుకున్నారు. తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే మనిషికి మిగిలేవి యంత్రం చేతులెత్తేసిన కష్టమైన పనులు. వాటిని చేయడానికి కావాల్సిన సాధన మాత్రం తేలిక పనులతో పాటే పోతుంది. మా బాబాయి చివరి రోజుల్లో ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. అంకె దానంతటదే పడేది. "చేతికి పని లేదురా, కంటికి మాత్రం కునుకొస్తది" అనేవాడు. ఒకరోజు ఒకే టిక్కీ రెండుసార్లు పడితే సాయంత్రం దాకా గమనించలేదు. పెన్నుతో రాసిన ఏళ్లలో ఆయన అలా ఎప్పుడూ పొరబడలేదు.

ఇద్దరా, ఒక్కరా: ఇప్పుడు నడుస్తున్న వాదన

ముగ్గురిని ఇద్దరు చేసిన ప్రశ్నే ఇప్పుడు ఇంకో రూపంలో వచ్చింది. దూర ప్రయాణాల్లో విమానం ఎత్తుకెళ్లి నిలకడగా పోతున్నప్పుడు కాక్‌పిట్‌లో ఒక్కరే ఉండి, రెండోవారు నిద్రపోవచ్చా?

సరే అనేవాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. ఆ దశలో పనిభారం నిజంగా తక్కువ. ఇద్దరూ సగం నిద్రలో కూర్చోవడం కంటే, ఒకరు హాయిగా పడుకుని దిగే వేళకు తాజాగా రావడం మంచిదంటారు. ఇద్దరు చాలన్నప్పుడు కూడా భయపడ్డారు, తర్వాత ఆ విమానాలు క్షేమంగానే తిరిగాయని గుర్తుచేస్తారు. పైలట్ల కొరత, ఖర్చు కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయి.

వద్దనేవాళ్లు సగటు భారాన్ని కాకుండా శిఖరాన్ని చూడమంటారు. ఏడు గంటల నిశ్శబ్దంలో వచ్చే నాలుగు నిమిషాల కోసమే రెండో మనిషి. ఆ ఒక్కరికీ గుండెపోటు వస్తే? గాఢనిద్ర నుంచి లేచినవాడికి ఒళ్లు తెలియడానికే నిమిషాలు పడితే? పైగా పక్కన మాట్లాడే మనిషి లేకపోతే మాక్‌వర్త్ గడియారం ముందు కూర్చున్నట్టే. యూరప్ విమానయాన భద్రతా సంస్థ చేయించిన అధ్యయనం 2025లో వెలువడింది. ఇప్పుడున్న కాక్‌పిట్లతో ఇద్దరున్నప్పటి భద్రతకు సమానమైన భద్రతను నిరూపించలేమని అది చెప్పింది. నాకు రెండో పక్షం మాటే బలంగా కనిపిస్తుంది. సగటు తీసి చూస్తే ఏటి లోతు కూడా మోకాటి దాకే ఉంటుంది.

మళ్లీ డ్యూటీ గంటల దగ్గరికి

మరి గంటల నిబంధన పనికిరానిదా? అలా అనడానికి లేదు. రిజిస్టరుకు పక్షపాతం ఉండదు. యజమాని ఒత్తిడి చేసినా, పైలట్ మొహమాటపడినా గంట గంటే. పైగా విమానయాన నిబంధనలు గంటలతో ఆగిపోవు. ల్యాండింగుల సంఖ్య పెరిగేకొద్దీ అనుమతించే డ్యూటీ వ్యవధి తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి గన్నవరం, మళ్లీ హైదరాబాద్, అక్కణ్నించి తిరుపతి, తిరిగి హైదరాబాద్ అని ఏటీఆర్‌లో నాలుగుసార్లు దింపిన పైలట్‌నూ, ఒకే దూర ప్రయాణంలో ఒకేసారి దింపిన పైలట్‌నూ ఒకే గాటన కట్టరు. పనిభారం గురించి తెలిసినది ఆ మేరకు నిబంధనల్లోకి చేరింది.

చేరనిది కూడా ఉంది. ఆ నాలుగింట్లో రెండు పొగమంచులో జరిగాయా, ఎండలోనా అన్నది డ్యూటీ పట్టికలో కనబడదు. సంస్థలు ఎక్కువ పైలట్లను పెట్టుకోవాలి, టికెట్ ధర పెరుగుతుంది, చిన్న ఊళ్లకు సర్వీసులు తగ్గుతాయి అన్న సంస్థల ఆందోళనలోనూ నిజముంది. గన్నవరం లాంటి విమానాశ్రయాలకు అది సొంత బాధే. డిసెంబరు గందరగోళంలో నిబంధనల్లో కొన్నిటికి తాత్కాలికంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది కూడా. పైలట్లేమో, కొరత ఏడాది ముందే కనబడుతున్నప్పుడు దాన్ని మా నిద్రతో పూడుస్తారా అని అడిగారు.

గంటల గోలలో ఎక్కువమంది చూడని అంశం ఒకటి అవే నిబంధనల్లో ఉంది. అలసట గురించి పైలట్లు ఇచ్చిన నివేదికలను, వాటి మీద తీసుకున్న చర్యలను ప్రతి సంస్థా మూడు నెలలకోసారి డీజీసీఏకు పంపాలి. ఆ నివేదిక మొదలయ్యేది డ్యూటీ దిగిన పైలట్ తన కష్టాన్ని తన మాటల్లో రాసి ఇచ్చిన కాగితంతోనే.